చెక్క తలుపు చేసిన నేరమేమిటి?

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ఇప్పుడు కడుతున్న ఇళ్లను చూడండి. సింహద్వారం ఒక్కటే టేకు. ముహూర్తం చూసి, పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడి తోరణం కట్టి దాన్ని నిలబెడతారు. ఆ గడప దాటాక ఇంట్లో చెక్క దాదాపు కనిపించదు. కిటికీలు అల్యూమినియం, కాకపోతే యూపీవీసీ. పడకగదుల తలుపులు డబ్ల్యూపీసీ (కర్రపొడి కలిపిన ప్లాస్టిక్), స్నానాలగదిది పీవీసీ. వంటింటి అరలు కూడా ప్లాస్టిక్ షీట్లే. ఎందుకిలా అని అడిగితే రెండు జవాబులు వస్తాయి. చదువుకున్నవాళ్లు "మన ఇంటికోసం చెట్లు కొట్టించడం ఎందుకండీ" అంటారు. హార్డ్‌వేర్ షాపు మనిషి "సెక్కెందుకు బాబూ, సెద పట్టీస్తాది" అంటాడు. మొదటిది ధర్మం పేర చెప్పేమాట, రెండోది అనుభవం పేర చెప్పేమాట. రెండూ కలిసి ఒక తరం కాలంలో మన ఇళ్లలోంచి కలపను వెళ్లగొట్టాయి. రెండో మాటలో కొంత నిజముంది, దాని సంగతి తర్వాత చెప్తాను. మొదటి మాట మాత్రం పూర్తిగా తప్పు. మనం ఏ కొండల్ని, ఏ గాలిని కాపాడాలని ఆ మాట అంటున్నామో వాటికే దానివల్ల చేటు జరుగుతోంది.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు దేశంలో కలపంటే అడవి కలపే. కాంట్రాక్టర్లు కొండలకు కొండలే ఊడ్చేశారు. అందుకే 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. 1988 జాతీయ అటవీ విధానం, అడవి ఆదాయం కోసం కాదని చెప్పింది. 1993లో కేంద్ర ప్రజాపనుల విభాగం తాను కట్టే భవనాల్లో కలప వాడకాన్ని నిషేధించింది. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులతో అడవుల్లో ఇష్టారాజ్యపు నరుకుడు ఆగింది, లైసెన్సు లేని సామిల్లులు మూతపడ్డాయి. అవన్నీ అవసరమైన పనులే. అవి లేకపోతే పాలకొండ, పార్వతీపురం కొండల మీద ఇవాళ మిగిలిన గుగ్గిలం, మద్ది కూడా మిగిలేవి కావు. అయితే అడవిని కాపాడటానికి పెట్టిన కట్టడి క్రమంగా కలప మీద నింద అయిపోయింది. బడిపిల్లల ర్యాలీల్లో, గోడల మీది రాతల్లో, పర్యావరణ దినోత్సవ ఉపన్యాసాల్లో అడవి మానుకీ రైతు గట్టు మీది చెట్టుకీ తేడా చెప్పినవాళ్లు లేరు. 2020లో అదే ప్రజాపనుల విభాగం, కేంద్ర పర్యావరణ శాఖ చొరవతో, ఆ నిషేధాన్ని ఎత్తేసింది. కలప పర్యావరణానికి మేలైన వస్తువని ప్రభుత్వమే ఒప్పుకున్న సంగతి మన ఊళ్ల ఇంజనీర్లలో ఎంతమంది చెవిన పడింది?

కలప ఎక్కడినుంచి వస్తోందో ముందు చూడాలి. భారత అటవీ సర్వే సంస్థ 2011 నివేదిక ప్రకారం అడవుల నుంచి ఏడాదికి వచ్చే కలప సుమారు 32 లక్షల ఘనపు మీటర్లు. అడవుల బయట, అంటే పొలాల్లో, గట్ల మీద, తోటల్లో, పెరళ్లలో ఉన్న చెట్ల నుంచి రాగలది సుమారు 4 కోట్ల 28 లక్షలు. అడవి ఇచ్చేదానికి పదమూడు రెట్లు రైతు ఇవ్వగలడు. అది దేశం లెక్క. మన లెక్క కావాలంటే రణస్థలం, లావేరు, ఎచ్చెర్ల, పూసపాటిరేగ, భోగాపురం వైపు వెళ్లండి. ఇసుక పర్రల్లో, నీరు నిలవని గరువుల్లో బారులు తీరిన సరుగుడు తోటలు కనిపిస్తాయి. సరుగుడు వేరు బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకి అందిస్తాయి. అందుకే వేరే పంట నిలవని ఇసుకలో అది నిలుస్తుంది, సముద్రపు గాలికి అడ్డుగోడ అవుతుంది. దాన్ని నాటింది అటవీశాఖ ఒక్కటే కాదు, రైతు కూడా. కొడతానన్న లెక్కతోనే నాటాడు. కొన్నవాడు ఉంటేనే మళ్లీ నాటుతాడు.

కొనేవాడు లేకపోతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. ఈ రెండు జిల్లాల మెట్టల్లో ఒకప్పుడు గోగు విరివిగా వేసేవారు. ప్లాస్టిక్ సంచి వచ్చింది, నారకు ధర పడిపోయింది, పంట పొలం విడిచింది. నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లుల కార్మికుల ఇళ్లలో ఆ కథ వింటే సరిపోతుంది. చెట్టు కూడా పంటే. గిరాకీ పోయిన చెట్టు నరకకుండా బతికిపోతుందనుకోవడం అమాయకత్వం. దాన్ని పీకి ఆ చోట రొయ్యల చెరువు తవ్వుతారు, లేదా లేఅవుట్ వేస్తారు.

చెక్కను కాదని మనం తెచ్చుకుంటున్న వస్తువుల పుట్టుక కూడా చూద్దాం. అల్యూమినియం కిటికీ బాక్సైట్ నుంచి వస్తుంది. నాలుగు టన్నుల బాక్సైట్ తవ్వితే దాదాపు రెండు టన్నుల అల్యూమినా, అందులోంచి ఒక టన్ను లోహం. మనకు ఎగువన కోరాపుట్ జిల్లాలో పంచపత్‌మాలి కొండను నాల్కో తవ్వుతోంది. దామన్‌జోడిలో శుద్ధి చేసిన అల్యూమినాలో కొంత రైళ్లలో మన పక్కనుంచే విశాఖ రేవుకు వెళ్తుంది. మిగతాది లోహంగా మారేది అంగుల్‌లో, సంస్థ సొంత బొగ్గు విద్యుత్ కేంద్రం పక్కన. టన్ను అల్యూమినియానికి సుమారు 14 వేల యూనిట్ల కరెంటు కావాలి. బొగ్గుతో ఒక యూనిట్ తీస్తే కిలోకి కాస్త అటూఇటూగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. పది కిలోల లోహంతో చేసిన కిటికీకి 140 యూనిట్లు, అంటే ఒక మామూలు పల్లె ఇంటికి నెలకు పైగా సరిపోయే కరెంటు, 130 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్. అద్దం, రవాణా, శుద్ధిలో మిగిలే ఎర్రమట్టి గుట్టలు దీనికి అదనం. పాత లోహాన్ని కరిగించి చేస్తే ఈ కరెంటులో ఇరవయ్యో వంతే సరిపోతుందన్నది నిజం. అయితే మన షాపులో కొనే సెక్షన్‌లో ఎంత పాతది, ఎంత కొత్తది అని ఎవరూ రాసివ్వరు.

బాక్సైట్ అంటే ఏమిటో విజయనగరం జిల్లాకు ఒకరు చెప్పక్కర్లేదు. శృంగవరపుకోట దగ్గర బొడ్డవరలో అల్యూమినా కర్మాగారం పేరుతో రైతుల భూములు తీసుకున్నారు. కర్మాగారం రాలేదు, భూముల గొడవ మాత్రం మిగిలింది. మన్యం కొండల బాక్సైట్ జోలికి రావద్దని గిరిజనులు ఏళ్ల తరబడి కొట్లాడారు. బొగ్గు గురించి శ్రీకాకుళం జిల్లాకు అసలే చెప్పక్కర్లేదు. థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దు, మా బీల (చిత్తడి నేల) మాకు కావాలి అన్నందుకు 2010 జులై 14న సోంపేటలో పోలీసులు కాల్పులు జరిపారు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ అదే జరిగింది. రెండుచోట్లా ప్రాణాలు పోయాయి. బొగ్గుని ఊరి పొలిమేరలోకి రానివ్వకుండా ప్రాణాలొడ్డి ఆపిన జిల్లా ఇది. ఆ బొగ్గే ఇప్పుడు అంగుల్‌లో మండి, కిటికీ రూపంలో మన గోడల్లోకి వచ్చి కూర్చుంటోంది. దాన్ని మనం చెట్లను కాపాడటమంటున్నాం. ఇది నాకు బాధ కలిగించే సంగతి, దాచుకోదల్చుకోలేదు.

ప్లాస్టిక్ తలుపు కథ ఇంతకంటే మెరుగ్గా లేదు. మన దేశం వాడే పీవీసీలో సగానికి పైగా విదేశాల నుంచి ఓడల్లో దిగుతుంది. పర్యావరణానికి మేలని అమ్మే డబ్ల్యూపీసీ బోర్డుల్లో ఎక్కువ పాలు పీవీసీ, దానికి కాస్త కర్రపొడి, సున్నపురాయి పొడి. విరిగిన చెక్క తలుపుని కోసి పీటో, బల్లో చేసుకోవచ్చు. చివరికి పొయ్యిలో పెట్టినా అది పీల్చుకున్న గాలే తిరిగి ఇస్తుంది. విరిగిన పీవీసీని చెత్తకుప్పలో కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు వస్తాయి. మన మున్సిపాలిటీల డంపింగ్ యార్డులు తగలబడుతూ ఉండటం ఎవరు చూడలేదు?

ఇప్పుడు చెక్క లెక్క. ఎండిన కర్ర బరువులో సగం కార్బన్. ఆకులు గాలిలోంచి లాక్కున్నదే అదంతా. పాతిక కిలోల ఎండు చెక్కతో చేసిన తలుపులో దాదాపు 45 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన కార్బన్ దాగి ఉంటుంది. గుమ్మానికి తలుపు ఉన్నన్నాళ్లూ అది గాలిలోకి పోదు. ఈలోగా కొట్టిన చోట ఇంకో మొక్క లేచి మళ్లీ పీలుస్తూ ఉంటుంది. చెట్టును కొట్టకుండా వదిలేస్తే ఇంకా మంచిది కదా అని అడుగుతారు. అడవికైతే అదే సరైన మాట, నేనూ దానికే కట్టుబడతాను. పొలంలో చెట్టుకి ఆ వరం లేదు. పిల్ల పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో రైతు దాన్ని కొట్టక తప్పదు. కొట్టాక ఆ మాను ఏమవుతుంది, ఆ చోట తిరిగి ఏం మొలుస్తుంది అన్న రెండు ప్రశ్నలే మన చేతిలో ఉన్నాయి.

ఆ మొదటి ప్రశ్న దగ్గర మనం దారుణంగా ఓడిపోతున్నాం. ఉత్తరాంధ్ర సరుగుడుకీ జామాయిల్‌కీ పెద్ద దారి ఇప్పటికీ కాగితమే. నాలుగైదేళ్లకే కొట్టి, తొక్క ఒలిచి, రాయగడ దగ్గర జేకే పేపర్ మిల్లుకో, రాజమండ్రిలో ఆంధ్రా పేపర్ మిల్లుకో లారీల్లో పంపుతారు. కాగితం ఏడాది రెండేళ్లలో చెత్త అవుతుంది, చెట్టు పట్టిన కార్బన్ తిరిగి గాలిలో కలుస్తుంది. మిల్లుల్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్లు కొనకపోతే ఈ మాత్రం తోటలు కూడా ఉండేవి కావు. కానీ కొనేవి కాగితం మిల్లులే అయినప్పుడు అవి చెప్పిందే ధర. అదే కర్ర ప్లైవుడ్‌గా, కర్రపీచు అదిమి చేసే ఎండీఎఫ్ బోర్డుగా, బల్లగా మారితే పదేళ్లు, ఇరవై ఏళ్లు నిలుస్తుంది, రైతుకి రెండో బేరగాడు దొరుకుతాడు. శ్రీకాళహస్తి ప్రాంతంలో గ్రీన్‌ప్యానెల్ సంస్థ తోటల కర్రతో ఎండీఎఫ్ తయారు చేస్తోంది. అలాంటి పరిశ్రమ ఉత్తరాంధ్ర సరుగుడు తోటల మధ్య బలంగా నిలబడాలంటే ముందు ఇక్కడి మనిషి బోర్డు బల్లను చిన్నచూపు చూడటం మానాలి. లేత సరుగుడు కోతకి పగులుతుంది, వంకర తిరుగుతుంది, తలుపుకి పనికిరాదు. ఆ మాట నిజమే. తలుపుకి పనస ఉంది, వేప ఉంది, మామిడి ఉంది, గట్టు మీద పెంచిన టేకు ఉంది, ఇప్పుడిప్పుడే రైతులు వేస్తున్న మలబారు వేప ఉంది. ప్రతి కర్రకీ దాని పని దానికుంది. వడ్రంగికి అది తెలుసు, కొనేవాళ్లమే మరిచిపోయాం.

ఇక చెద సంగతి. హార్డ్‌వేర్ షాపు మనిషి అబద్ధం ఆడటం లేదు. ఈ పదిహేను ఇరవై ఏళ్లలో చెక్క కొన్నవాళ్లలో చాలామంది మోసపోయారు. తలుపు చేయించిన రెండో వానాకాలానికే ఉబ్బి మూసుకోదు, ఎండాకాలానికి కుంచించుకుపోయి సందులు పడతాయి, నాలుగో ఏటికి చౌకట్టు అడుగున మట్టి గూళ్లు కనిపిస్తాయి. అంతటితో ఆ ఇంట్లో చెక్కకి కాలం చెల్లినట్టే. అయితే మన తాతల నాటి పెంకుటిళ్లలో దూలాలు, వాసాలు, ద్వారబంధాలు రెండు మూడు తరాలు ఎలా నిలిచాయి? అదే చెద అప్పుడూ ఉంది, అదే ఉప్పుగాలి అప్పుడూ వీచింది. వాళ్లు చేవ తేలిన మానే కొట్టేవారు. కొట్టిన దుంగను వెంటనే కోయకుండా నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్లు నీడన ఆరబెట్టేవారు. చేవ లేని పైపొరను చెక్కి పారేసేవారు. ఇవాళ అడితిలో పచ్చి కర్ర సైజులు కోసి అమ్ముతున్నారు, పైపొర కూడా అందులోనే, ఇంటాయనకి గృహప్రవేశం తొందర. పచ్చి కర్రకి రంగు పూస్తే లోపలి నీరు ఎక్కడికి పోతుంది? తప్పు కర్రది కాదు, దాన్ని ఆరబెట్టని వ్యాపారానిది.

ఈ తప్పుకి మందు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. కలపను చెద, పుచ్చు నుంచి కాపాడే పద్ధతులకు ఐఎస్ 401 అనే జాతీయ ప్రమాణం ఎప్పటినుంచో ఉంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణంలో కర్రను నానబెట్టడం ఇంట్లోపలి వాడకానికి చవకైన పద్ధతి. కేరళలో పాలు ఆగిపోయిన రబ్బరు చెట్లు ఒకప్పుడు పొయ్యిలోకి పోయేవి. ఈ బోరాన్ మందుతోనే అవి ఇప్పుడు కుర్చీలు, బల్లలై దేశమంతా అమ్ముడవుతున్నాయి. రబ్బరు కర్ర స్వభావానికి చెదకీ పుచ్చుకీ తేలిగ్గా లొంగేదే. దాన్నే నిలబెట్టగలిగినప్పుడు పనస, వేప ఏపాటి? ప్లైవుడ్‌కి ఐఎస్ 303, నీళ్లు తగిలే చోటికి ఐఎస్ 710, ఫ్లష్ తలుపులకి ఐఎస్ 2202 ప్రమాణాలున్నాయి. ముద్ర చూసి, బిల్లు అడిగి కొనే అలవాటు మనకి రాలేదు. చౌక ప్లై ఉబ్బిపోతే "చెక్క ఇంతే" అని చెక్కజాతినంతా తిట్టుకున్నాం. ఇనుప కిటికీ ఉప్పుగాలికి తుప్పు పట్టినప్పుడు మాత్రం ఇనుముని తిట్టలేదు, రంగు కొట్టించాం. చెక్కకి ఆ పాటి ఓపిక చూపించలేదు.

మన ప్రాంతంలోనే చెక్కకి ప్రాణం పెట్టే కొనుగోలుదార్లు ఉన్నారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తాయి. దానికి భౌగోళిక గుర్తింపు ఉంది, కచేరీ చేసే విద్వాంసుల నుంచి బహుమతిగా ఇచ్చుకునే చిన్న వీణల దాకా గిరాకీ ఉంది. పనస కర్రని చెద తినేస్తుందని వీణ ముందు నిలబడి అనేవాడు కనిపించడు. అనకాపల్లి వైపు ఏటికొప్పాకలో అంకుడు కర్ర లక్క బొమ్మలకీ ఇదే గౌరవం. సహజ రంగులతో ఆ కళను నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. చేసినవాడెవరో, కర్ర ఏదో, ఎంత ఆరిందో తెలిస్తే జనం చెక్కని కొంటారనడానికి ఇవే రుజువులు. పనస మానుకి వీణ ధర చూపించినవాడే ఆ రైతు చేత ఇంకో పనస మొక్క నాటించగలడు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో లక్షల కొబ్బరి చెట్లు నేలకూలాయి. జీడి, పనస కూడా. ఆ ఉద్దానం ప్రాంతం ఒక్క రాత్రిలో బోడి అయింది. పడిన మానుల్ని తోటలోంచి తీయడమే రైతుకి భారమైంది. కొబ్బరి మాను అడుగు భాగం, బయటి వలయం ఎంత గట్టివో అక్కడ పెంకుటిళ్లు కట్టినవాళ్లకి తెలుసు. 2013 నవంబర్‌లో హయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌ని ఊడ్చేసినప్పుడు అక్కడివాళ్లు కూలిన కొబ్బరి మానుల్ని కోత యంత్రాలతో పలకలుగా కోసి, వాటితోనే ఇళ్లు మళ్లీ కట్టుకున్నారు. మన దగ్గర పరిహారం గురించి మాట్లాడాం, అది న్యాయమే. పడిన కర్రని కోసే యంత్రాల గురించి, దాన్ని కొనే ఏర్పాటు గురించి అంత గట్టిగా మాట్లాడలేదు. మళ్లీ తుపాను రాదని ఎవరూ అనలేరు, కాబట్టి ఆ మాట ఇప్పటికైనా మాట్లాడాలి. తుపాన్లకి చెక్క ఆగదనేవాళ్లు జపాన్ వైపు చూడాలి. తుపాన్లూ భూకంపాలూ నిత్యం ఎదుర్కొనే ఆ దేశం ప్రభుత్వ భవనాల్లో కలప వాడకాన్ని పెంచడానికి 2010లో చట్టమే చేసింది.

నా వాదనకి గట్టి అభ్యంతరం ఒకటుంది. చెక్కకి గిరాకీ పెరిగితే దొంగలు మన్యం కొండలెక్కుతారు కదా? ఎక్కుతారు, ఇప్పుడూ ఎక్కుతున్నారు. అందుకే అడవి గుగ్గిలం, అడవి టేకు వద్దని నేను గట్టిగానే అంటున్నాను. పొలం కర్రకి పత్రం అడగండి. 2023 డిసెంబర్‌లో కేంద్రం భారత అటవీ, కలప ధ్రువీకరణ పథకం తెచ్చింది. దాన్ని సరుగుడు, జామాయిల్ రైతుల సంఘాల దాకా దించాలి. రైతు కర్ర సులభంగా, చట్టబద్ధంగా దొరికినప్పుడే దొంగ కర్రకి ధర పడిపోతుంది. జామాయిల్ నీటిని తాగేస్తుందన్న భయం కూడా న్యాయమైనదే. బీలల్లో, వరి పల్లాల్లో, గిరిజనుల పోడు మీద వేస్తే నేనే వద్దంటాను. అయితే ఆ భయం ఒక జాతి చెట్టు గురించి, దాన్ని వేసే చోటు గురించి. దాన్ని చూపించి ఇంటి పెరటి పనసని, గట్టు మీది వేపని వద్దనడం కుదరదు. వెదురు సంగతి చూడండి. 2017లో చట్టం మార్చి అడవి బయటి వెదురును చెట్టు నిర్వచనంలోంచి తీసేశారు. అయినా మేదర్ల చేటలు, తట్టల స్థానంలోకి ప్లాస్టిక్ వచ్చేసింది. చట్టం అడ్డు తొలగినా కొనేవాడి మనసులో అడ్డు తొలగలేదు.

అందుకే ముందు కొనాల్సింది ప్రభుత్వం. అంగన్‌వాడీ బల్లలు, బడి బెంచీలు, సచివాలయాల తలుపులు టెండరు పిలిచేటప్పుడు మందు పట్టించిన స్థానిక పొలం కర్రకి చోటివ్వాలి. బెంగళూరు విమానాశ్రయం రెండో టెర్మినల్ పైకప్పు నిండా వెదురు అమర్చారు, జనం దాన్ని చూసి మెచ్చుకుంటున్నారు. భోగాపురం విమానాశ్రయం చుట్టూ ఒకప్పుడు ఉన్నవి సరుగుడు, జీడి, కొబ్బరి తోటలే. ఇప్పుడు ఆ దారిలో లేఅవుట్ల రాళ్లు పొలం వెంట పొలం దిగుతున్నాయి. ఈ ఏడు సరుగుడు కొట్టిన రైతు వచ్చే వానలకి అదే ఇసుకలో మళ్లీ నారు పోస్తాడా, లేక రియల్టరుకి సంతకం పెడతాడా అన్నది శ్రీకాకుళంలో, విజయనగరంలో ఈ నెల ఇల్లు కడుతున్నవాళ్లు పడకగదికి ఏ తలుపు ఎంచుకుంటారన్న దాని మీద కూడా ఆధారపడి ఉంది.